మచ్చిక అనే మాట – బెదరు గుర్రాలను దారికి తెచ్చినవారి కథ

గుర్రాలను గురించి మన పండుగ సంచికలో వ్యాసమేమిటని పాఠకులలో కొందరికి అనిపించవచ్చును. మన ఇండ్లలో గుర్రమంటే పెండ్లి ఊరేగింపుకు అద్దెకు తెచ్చే తెల్ల గుర్రము, లేదా పెద్దవారి జ్ఞాపకాలలో మిగిలిన జట్కాబండి గుర్రము. అంతకు మించి మనకు దానితో పని లేదు. కాని 2024 ఏప్రిల్ 24వ తేదీ ఉదయం లండను నడిబొడ్డున జరిగిన సంగతిని మనలో చాలామంది మరచి ఉండరు. రాజుగారి అశ్వదళానికి చెందిన గుర్రాలు కొన్ని, రోజూ వలెనే, బెల్‌గ్రేవియా వీధులలో నడకకు బయలుదేరినవి. అక్కడ కడుతున్న ఒక భవనం పైనుండి సామాను దడాలున క్రింద పడినది. అంతే, గుర్రాలు బెదరినవి. నలుగురు సైనికులు నేలపై పడిరి. రౌతు లేని గుర్రాలు టాక్సీలను, ఒక రెండంతస్తుల బస్సును ఢీకొని, రక్తం కారుతూ లైమ్‌హౌస్ దాకా పరుగెత్తినవి.

ఆ వారమంతా జనం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇంత శిక్షణ పొందిన గుర్రాలు అట్లా ఎందుకు చేసినవి? మాకు మాత్రం ఆ ప్రశ్న తలక్రిందులుగా తోచినది. ఇంత శబ్దాల మధ్య, ఇన్ని బస్సుల మధ్య అవి రోజూ అట్లా చేయకుండా నడవటమే వింత. ఆ జూన్ నెలలో రాజుగారి పుట్టినరోజు కవాతులో వాటిలో మూడు గుర్రాలు మళ్ళీ వరుసలో నిలిచి నడిచినవి. అది ఎవరో ఒకరు ఓపికతో చేసిన పని. ఆ పనికి ఈ దేశంలో పెద్ద చరిత్ర కలదు. మన భాషలోను కలదు. ఆ రెంటినీ కలిపి చూడవలెనన్నదే ఈ వ్యాసం ఉద్దేశ్యము.

మొదట మాటతో మొదలుపెట్టుదాము. చిన్న గుర్రాన్ని స్వారీకి అలవాటు చేయటాన్ని ఇంగ్లీషువారు దానిని ‘విరవటం’ అంటారు. కర్రను విరిచినట్లే, గుర్రాన్ని విరుస్తారు. విరిచేవానికి ఆ పేరే వృత్తిపేరు అయినది. తెలుగును సాయంకాలపు తరగతిలో నిఘంటువు పట్టుకొని నేర్చిన మాబోటివారికి ఇటువంటి చోట్ల ఒక లాభం ఉన్నది. ఇంట్లో మాట్లాడుతూ పెరిగినవారు ఆలోచించకుండా దాటిపోయే మాట దగ్గర మేము ఆగి తడుముకొంటాము. అట్లా తడుముకోగా దొరికిన మాట ‘మచ్చిక’. జంతువును మచ్చిక చేసికొన్నారంటాము. మచ్చిక అంటే చనువు, ప్రేమ, ఆప్యాయత కూడా. ఒకే మాటలో లొంగుబాటు, స్నేహం రెండూ ఉన్నవి. ‘మాలిమి’ కూడా అటువంటిదే. అయితే మాట మెత్తగా ఉన్నంత మాత్రాన చేయి మెత్తగా ఉన్నదని అనరాదు. ‘లొంగదీయు’ అనేదీ తెలుగే, ‘చబుకు’ కూడా మనకు బాగా తెలిసిన వస్తువే.

ఇక గుర్రం సంగతి. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురి అయ్యే జంతువు. దాని కండ్లు తలకు రెండు ప్రక్కల ఉండటం వలన చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్ది మేర, తోక వెనుక కొద్ది మేర తప్ప. అందుకే వెనుకనుండి చప్పుడు లేకుండా వచ్చినవాణ్ణి తన్నుతుంది. ముందు పారిపోవటం, ఆ తరువాత ఆలోచించటం దాని పుట్టుకతో వచ్చిన నీతి. మూడేండ్ల గుర్రం చూడటానికి పెద్దదే కాని లోపల పసిది. రెండున్నర ఏండ్లు మొదలు అయిదేండ్ల దాకా దానికి పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వస్తూనే ఉంటవి. సరిగ్గా ఆ వయసులోనే మనిషి దాని నోట ఇనుప కళ్ళెం పెడతాడు. నొప్పికి తల విసరితే పొగరు అంటాడు. కరచుట, తన్నుట, ముంగాళ్ళెత్తి నిలుచుట, కదలక మొరాయించుట, పగ్గానికి లొంగక పరుగుదీయుట – పాత ఇంగ్లీషు పుస్తకాలు వీటన్నిటినీ ‘దుర్గుణాలు’ అనే శీర్షిక క్రింద వ్రాసినవి. నేరాల పట్టిక వలె. బడిలో ముప్పై ఏండ్లకు పైగా పిల్లలతో గడిపిన మాకు అటువంటి పట్టికలు కొత్త కాదు.

పూర్వం ఈ దేశంలో పల్లెల్లో గుర్రాన్ని విరిచే పని మోటుగా సాగేది. బలమైన మనిషి, గట్టి తాడు, కొరడా, రెండు మూడు రోజులు తిండి తగ్గించటం. గుర్రం అలసి తల వంచితే పని అయినట్లు. దీనికి భిన్నంగా అక్కడక్కడ కొందరు ‘రహస్యం తెలిసినవారు’ ఉండేవారు. ఐర్లాండులో డేనియల్ సలివాన్ అనే ఒక పేద గుర్రపువాడు ఉండేవాడు. 1810లో చనిపోయినాడు. ఎవరికీ లొంగని గుర్రంతో తానొక్కడే లాయంలోకి వెళ్ళి తలుపు వేసికొనేవాడు. కొంతసేపటికి తలుపు తీస్తే గుర్రం గొర్రెపిల్ల వలె ఉండేదట. చెవిలో ఏదో మంత్రం ఊదుతాడని జనం నమ్మి ‘గుసగుసలవాడు’ అని పేరు పెట్టిరి. 1804లో కుర్రా పందెపు మైదానంలో కింగ్ పిపిన్ అనే భయంకరమైన గుర్రాన్ని అతడు దారికి తెచ్చిన సంగతి చాలాకాలం చెప్పుకొన్నారు.

స్కాట్లండు ఈశాన్య ప్రాంతంలో నాగలి దున్నే గుర్రపు పాలేర్లు 19వ శతాబ్దంలో ఏకంగా ఒక రహస్య సంఘమే పెట్టుకొన్నారు. కొత్తవాణ్ణి అర్ధరాత్రి కొట్టంలోకి తీసికొని వెళ్ళి, ప్రమాణం చేయించి, ‘గుర్రపువాని మాట’ చెప్పేవారు. ఆ మాట తెలిస్తే ఏ గుర్రమైనా వశమవుతుందని పేరు. మన పల్లెల్లో తేలు మంత్రం, పాము మంత్రం గురుముఖంగా ఇచ్చే పద్ధతి గుర్తుకు రావటం లేదా? మా అభిప్రాయంలో మంత్రం కంటె ఆ పాలేరు రోజూ తెల్లవారుజామున లేచి అదే గుర్రానికి అదే చేతితో దాణా పెట్టటంలోనే మహిమ ఉన్నది. కాని కూలి తక్కువ, గౌరవం ఇంకా తక్కువ అయిన మనిషికి తన పనిలో ఒక రహస్యం ఉన్నదని చెప్పుకోవటం బలాన్నిచ్చేది. దాన్ని మేము తప్పు పట్టము.

ఇప్పుడు అసలు కథకు వచ్చినాము. 1857 చివరలో జాన్ సాలమన్ రేరీ అనే అమెరికా యువకుడు ఇంగ్లండులో దిగినాడు. ఒహాయో రాష్ట్రంలో గ్రోవ్‌పోర్ట్ అనే పల్లెటూరివాడు. 1827లో పుట్టినవాడు గనుక అప్పటికి ముప్పై ఏండ్లు. చూడటానికి సన్ననివాడు, మెత్తని మాటవాడు. ఎంతటి గుర్రాన్నైనా కొట్టకుండా లొంగదీస్తానన్నాడు. ముందు సైనికాధికారులు పరీక్షించిరి. తరువాత విక్టోరియా రాణి ఎదుట ప్రదర్శన జరిగినది. దానితో లండను ప్రభువులందరూ ఎగబడిరి. ఒక్కొక్కరికి పది గినీల రుసుము. అయిదు వందలమంది చేరిన తరువాతనే పాఠం మొదలు. చేరినవారు రహస్యం బయటపెట్టమని సంతకం చేయవలెను. పది గినీలంటే ఆనాడు పొలం కూలికి ఎన్నో వారాల సంపాదన. పాఠాలు వెల్లింగ్టన్ డ్యూకుగారి స్వారీశాలలోను, కిన్నర్టన్ వీధిలోను జరిగినవి. కిన్నర్టన్ వీధి బెల్‌గ్రేవియాలోనే ఉన్నది. 2024లో గుర్రాలు బెదరిన పేట అదే.

ఇంత జరుగుతున్నా నమ్మనివారు నమ్మలేదు. వారు రేరీ ముందు పెట్టిన సవాలు పేరు క్రూజరు. లార్డ్ డార్చెస్టరుగారి మేలుజాతి మగ గుర్రము. 1855లో డెర్బీ పందెంలో గెలుస్తుందని ఆశలు పెట్టుకోగా, పందానికి ముందే కాలు చెడి ఆగిపోయినది. డెర్బీలో పరుగెత్తేవి మూడేండ్ల గుర్రాలే. అంటే పసితనంలోనే పందెపు శిక్షణ, పసితనంలోనే దెబ్బ, ఆ పిమ్మట ఒంటరి కొట్టము. చూస్తుండగానే అది మనిషిని చంపగల గుర్రమైపోయినది. దగ్గరకు వచ్చినవారిని కరచేది, గోడలు తన్నేది, అరచేది. తలకు ఎనిమిది పౌన్ల బరువున్న ఇనుప చట్రం తొడిగి, ఏండ్ల తరబడి అట్లే ఉంచినారు. మూడేండ్లుగా దానిపై ఎవరూ ఎక్కలేదు. రేరీ దగ్గరకు లండను తీసికొని రావటానికే ఎవరికీ ధైర్యం చాలలేదు. 1858 ఏప్రిల్‌లో రేరీయే హాంప్‌షైరులో మరెల్‌గ్రీన్ అనే చోటికి వెళ్ళినాడు.

మూడు గంటలలో రేరీ దానిపై ఎక్కినాడు. తరువాత లార్డ్ డార్చెస్టరుగారు కూడా ఎక్కినారు. ఆయనే దాన్ని పత్రికలకు తెలియజేసినారు. కొద్దిరోజులకు అదే గుర్రం లండను వేదికపై, ఇనుప చట్రం లేకుండా, కుక్కపిల్ల వలె రేరీ వెంట నడచినది.

ఆయన పద్ధతి ఏమిటి? ముందు గుర్రం ముంగాలు ఒకటి మడచి, తోలుపట్టీతో పైకి కట్టేవాడు. మూడు కాళ్ళపై నిలిచిన గుర్రం తన్నలేదు, పరుగెత్తలేదు. తరువాత రెండవ ముంగాలికి ఇంకొక పట్టీ. గుర్రం కొంతసేపు పెనుగులాడుతుంది. పది నిమిషాలలోపే సాధారణంగా మోకాళ్ళపై వంగి, మెల్లగా గడ్డిపై పడుకొంటుంది. అప్పుడే అసలు పాఠము. రేరీ దాని ప్రక్కన కూర్చొని మెడ నిమిరేవాడు, చెవులు నిమిరేవాడు, కాళ్ళు ఒక్కొక్కటే చేతిలోకి తీసికొనేవాడు. గొడుగు తెచ్చి వాసన చూపించి, మెల్లగా తెరిచేవాడు. డప్పు తెచ్చి ముందు ముక్కుకు తాకించి, తరువాత వాయించేవాడు. ఆయన చెప్పిన సూత్రాలు మూడే. గుర్రానికి అర్థమైన పని, దాని స్వభావానికి సరిపడే పని చెబితే అది ఎదిరించదు. తన బలం ఎంతో దానికి తెలియదు. కొత్త వస్తువు ఏదైనా దాన్ని స్వయంగా చూచి, వాసన పట్టి, ముట్టుకోనిస్తే భయపడదు.

మూడవ సూత్రం బంగారము. ఈనాటికీ పసి గుర్రానికి ప్లాస్టికు సంచిని, గొడుగును, బిడ్డల తోపుడుబండిని అలవాటు చేసేది ఆ విధంగానే. కాని మొదటి పని, ఆ తోలుపట్టీ సంగతి మాకు అంత సులభంగా మింగుడుపడదు. కొరడా లేదు, నిజమే. నాలుగు కాళ్ళతో పారిపోవటమే ప్రాణమైన జంతువుకు ఆ కాళ్ళు తీసివేస్తే, అది శాంతించినదా, ఆశ వదలుకొన్నదా? ఆనాటి ప్రేక్షకులు ఈ ప్రశ్న అడిగినట్లు లేదు. ఎనిమిది పౌన్ల ఇనుముతో పోల్చినప్పుడు తోలుపట్టీ దయగానే కనబడి ఉండును. క్రూజరు విషయంలో పట్టీ కంటె ఆ తరువాతి నిమురుటయే పనిచేసినదని మా నమ్మకము. ఎందుకంటే పట్టీలు విప్పిన తరువాత కూడా అది అతని వెంట నడచినది.

రహస్యం సంగతి మాత్రం హాస్యంగా ముగిసినది. రేరీ 1856లోనే తన రాష్ట్రంలో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఉన్నాడు. 1858లో లండను ప్రచురణకర్త ఒకరు దాన్ని తిరిగి అచ్చువేసి కొద్ది పెన్నీలకు అమ్మినారు. పది గినీలు ఇచ్చిన ప్రభువులు నోరెళ్ళబెట్టిరి. రేరీ క్రూజరును వెంటబెట్టుకొని అమెరికా తిరిగి వెళ్ళినాడు. 1866లో, నలభై ఏండ్లైనా నిండకుండానే చనిపోయినాడు. క్రూజరు 1875 దాకా ఆయన ఊరిలోనే బ్రతికినది.

రేరీ బెల్‌గ్రేవియాలో పాఠాలు చెబుతున్న రోజులలోనే అదే నగరంలో ఇంకొక పెద్దమనిషి నివసిస్తూ ఉండెను. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో మద్రాసులో అచ్చువేయించి, 1855లో లండను చేరినాడు. ఇక్కడనే 1884లో కన్నుమూసినాడు, కెన్సల్‌గ్రీన్‌లో ఆయన సమాధి ఉన్నది. మన గుర్రపు మాటలు ఎన్నో ఆయన నిఘంటువు పుణ్యమా అని మాబోటివారికి దొరికినవి: వాగె, అంకవన్నె, లాడము, లాయము, జూలు, సకిలింత. వీటిలో ‘సాహిణి’ అనే మాట దగ్గర కొంచెం ఆగవలెను.

సాహిణి అంటే గుర్రాలపై అధికారి, అశ్వశిక్షకుడు. కాకతీయుల కాలంలో అది బిరుదు. భాస్కర రామాయణాన్ని అంకితం పుచ్చుకొన్నది సాహిణి మారన అనే అశ్వసేనాపతియే. గుర్రాలను శిక్షించేవాని పదవీనామం మన పాత కావ్యాలలో ఒకదాని అంకితంతో ఈ విధంగా కలిసిపోయినది. మహాభారతంలోకి పోతే ఇంకా ముచ్చటైన సంగతి. అజ్ఞాతవాసంలో నకులుడు విరాటుని కొలువులో దామగ్రంథి అనే పేరుతో గుర్రాల పని అడుగుతాడు. గుర్రాల స్వభావం తెలుసును, వాటి శిక్షణ తెలుసును, చెడుదారి పట్టినవాటిని సరిచేయటం తెలుసును, వైద్యం తెలుసును అని తన అర్హతలు చెప్పుకొంటాడు. తన చేతి క్రింద పెరిగిన ఏ గుర్రమూ బెదరదని, ఆడ గుర్రమైనా దుష్టంగా మారలేదని అంటాడు. గుర్రం చెడితే అది పెంచినవాని చేతి లోపమని అందులోనే అర్థం వచ్చుచున్నది. శాలిహోత్రుని పేర వచ్చిన అశ్వశాస్త్రం తెలుగులోకి కూడా దిగినది. మనుమంచి భట్టు రచించిన హయలక్షణ విలాసము అటువంటిదే. పశువైద్యుణ్ణి ‘సాలుత్రి’ అని పిలిచే మాట ఆ శాలిహోత్రుని పేరునుండి పుట్టినదే.

ఇదంతా చదివి మనవారు గుర్రాల విషయంలో మహాజ్ఞానులని రొమ్ము విరుచుకోవలసిన పని లేదు. మన అశ్వశాస్త్రాలలో సుడులకు గొప్ప స్థానం ఉన్నది. ఒంటిమీద వెంట్రుకల సుడి ఎక్కడ ఉన్నదో చూచి గుర్రం శుభమా, అశుభమా అని తేల్చేవారు. మెడమీద ఉంటే దేవమణి, యజమానికి అదృష్టము. మరొక చోట ఉంటే ఇంటికి అరిష్టము. నోరు లేని పసి గుర్రానికి ఒక్కరోజైనా పరీక్ష పెట్టకుండా తీర్పు చెప్పటం కాదా ఇది? అశుభమని పేరుపడిన గుర్రాన్ని ఎవరు ప్రేమగా చూస్తారు? ప్రేమగా చూడని గుర్రం కరవక ఏమి చేస్తుంది?

విజయనగరం కాలంలో గుర్రాల వ్యాపారం ఎంత పెద్దదో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. రాయలవారు ఏటా 13,000 గుర్రాలు కొనేవారట, హొర్ముజునుండి వచ్చినవీ దేశవాళీవీ కలిపి. సాళువ నరసింహరాయల కాలంలో సముద్రంమీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా పూర్తి ధర ఇచ్చేవారని కూడా వ్రాసినాడు. ఓడ దిగిన గుర్రాల వెనుక ఎన్ని తోకలు మాత్రమే ఒడ్డుకు చేరినవో ఊహించుకొనవలసినదే. తెనాలి రామకృష్ణుని గుర్రం కథ ఈ నేపథ్యంలోనిదే. రాయలవారు మేలుజాతి గుర్రాలను పెంచమని తలా ఒకటి ఇచ్చి, దాణాకు డబ్బు ఇస్తారు. రామకృష్ణుడు తన గుర్రాన్ని చిన్న గదిలో పెట్టి, గోడకు ఒక రంధ్రం చేసి, రోజుకు గుప్పెడు గడ్డి మాత్రం అందిస్తాడు. చూడవచ్చిన పెద్దమనిషి రంధ్రంలో తల పెట్టగానే ఆకలిమీదున్న గుర్రం ఆయన గడ్డాన్ని గడ్డి అనుకొని పట్టుకొంటుంది. మన పిల్లలు ఈ కథకు పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వుతారు. ఇప్పుడు మళ్ళీ చదివితే క్రూజరు కొట్టమే మాకు గుర్తుకు వచ్చినది. చీకటి, ఆకలి, ఒంటరితనం, ఎదురుగా కనబడేది ఒక్క రంధ్రం.

కంపెనీ కాలంలో గుర్రాలు హొర్ముజుకు బదులు ఆస్ట్రేలియానుండి వచ్చేవి. న్యూ సౌత్ వేల్సునుండి వచ్చినవి గనుక వాటికి వేలర్లని పేరు. 1834లో జె.బి. ఈస్టు వేసిన చిత్రం ఒకటి ఉన్నది. మద్రాసు తీరంలో, రేవు కట్టని ఆ రోజులలో, కట్టుమరాలు, మసూలా పడవల మధ్య ఆస్ట్రేలియా గుర్రాలను దించుతున్న దృశ్యము. బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగిన చిన్న గుర్రము, వారాల తరబడి ఓడ అడుగున నిలబడి, చివరకు అలలలో పడి ఒడ్డుకు చేరేది. అక్కడినుండి సైన్యపు గుర్రాల డిపోకు. మద్రాసు సైన్యానికి అటువంటి డిపో హోసూరులో ఉండేది. ఈనాటికీ మన తెలుగువారు ఎందరో ఉన్న ఊరు అది.

ఒడ్డున ఆ గుర్రాన్ని మొదట ముట్టుకొన్న చేయి ఎవరిది? తెల్లదొరది కాదు. సైసుది. గుర్రానికొక సైసు, అతనితో ఒక గడ్డికోసేవాడు ఉండటం ఆనాటి అశ్వదళాల ఏర్పాటు. మాలీసు చేసేది, దాణా నానబెట్టేది, రాత్రి ప్రక్కన పడుకొనేది సైసే. కెప్టెన్ హొరేస్ హేస్ భారతదేశంలో సైన్యోద్యోగం చేసి, మొండి గుర్రాలను దారికి తెచ్చే పాఠాలు అక్కడ చెప్పి, 1889లో లండనులో పెద్ద పుస్తకమే వేసినాడు. హేస్ పేరు గ్రంథాలయాలలో ఉన్నది. ఆయన గుర్రాలకు మాలీసు చేసిన సైసుల పేర్లు ఎక్కడా లేవు. నకులుడు రాజకుమారుడు గనుక పేరు మిగిలినది. నిజంగా దామగ్రంథి అనే గుర్రపువాడే అయితే తిక్కనగారు ఆయనకు పద్యం కేటాయించి ఉండేవారా అని మాకొక చిలిపి సందేహము.

ఇంగ్లండులో ఈ పనివారి పక్షాన, గుర్రం పక్షాన మాట్లాడినది ఒక కుంటి స్త్రీ. ఆనా స్యూయెల్ 1820లో నార్ఫోకులో పుట్టినది. పధ్నాలుగో ఏట పడి కాలు చెడి, జీవితమంతా గుర్రబండిమీదనే ఆధారపడినది. 1877లో ఆమె వ్రాసిన ఒకే ఒక పుస్తకం బ్లాక్ బ్యూటీ. మరుసటి ఏడే చనిపోయినది. మన ఇండ్లలో పిల్లలందరూ చదివిన పుస్తకమే కాని అందులో రెండు గుర్రాల చదువు ప్రక్కప్రక్కన పెట్టినదని గమనించినవారు తక్కువ. కథానాయకుణ్ణి యజమాని మెల్లగా జీనుకు, కళ్ళేనికి అలవాటు చేస్తాడు. రైలుకు బెదరకుండా ఉండటానికి పట్టాల ప్రక్కనున్న పచ్చికలో మేతకు వదులుతాడు. మొదట పారిపోతుంది, కొన్ని రోజులకు తల ఎత్తకుండా మేస్తుంది. జింజరు అనే ఆడ గుర్రానికి ఆ అదృష్టం లేదు. మోటు మనుషులు బలవంతంగా పట్టి, నోరు పగిలేటట్లు కళ్ళెం పెడతారు. అది కరచే గుర్రమవుతుంది. దానికి చెడ్డపేరు వస్తుంది. చివరకు లండనులో అద్దెబండి లాగుతూ చస్తుంది. జింజరు తన కథ తానే చెప్పుకొనే అధ్యాయాలు చదివిన తరువాత ‘పొగరు గుర్రం’ అనే మాట నోట రావటం కష్టము.

1915లో ఈ పుస్తకానికి బొమ్మలు వేసిన లూసీ కెంప్-వెల్చ్ ఆ తరువాత ఇంకొక మంచి పని చేసినది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొద్ది వారాలలోనే ఈ దేశంలో పొలాలనుండి, బండ్లనుండి సుమారు 1,20,000 గుర్రాలను సైన్యం తీసికొన్నది. అవి చాలక అమెరికా, కెనడాలనుండి ఓడలలో తెప్పించినారు. వాటిలో చాలావాటికి జీను అంటే తెలియదు. మగవారు యుద్ధానికి పోగా కొన్ని డిపోలలో స్త్రీలే వాటిని స్వారీకి తయారుచేసిరి. విల్ట్‌షైరులో రస్లీ పార్కు డిపో అటువంటిది. లూసీ అక్కడి దృశ్యాన్ని పెద్ద చిత్రంగా వేసినది. గుర్రాల మీదా ఆడవారే, ప్రక్కన ఉన్నవారూ ఆడవారే. ఆ చిత్రం ఇంపీరియల్ వార్ మ్యూజియానికి చెందినది. అదే యుద్ధంలో మన సికింద్రాబాదు పేరుగల అశ్వదళం ఫ్రాన్సులో ఉన్నది. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర దక్కన్ హార్స్ రౌతులు పైరుచేల మీదుగా ఈటెలతో దూసుకొనిపోయినారు. ఫిరంగుల మోత మధ్య అంత దూరం పరుగెత్తిన ఆ గుర్రాలకు చప్పుడు అలవాటు చేసినవారు కూడా ఉండి తీరవలెను కదా.

తరువాతి సంగతులు త్వరగా చెప్పవచ్చును. 1989లో రెండవ ఎలిజబెత్ రాణిగారు మాంటీ రాబర్ట్స్ అనే కాలిఫోర్నియా మనిషిని విండ్సరుకు పిలిపించినారు. విక్టోరియాకు రేరీ ఎట్లో ఎలిజబెత్తుకు ఈయన అట్లు. తాళ్ళు, పట్టీలు లేవు. గుండ్రని దడిలో చిన్న గుర్రాన్ని కొంతసేపు పరుగెత్తనిచ్చి, అది చెవి తిప్పి, నోరు చప్పరించి, తల వంచగానే తాను ప్రక్కకు తిరిగి నిలబడేవాడు. గుర్రం తానై వచ్చి భుజం దగ్గర నిలిచేది. అరగంటలో జీను వేసేవాడు. గుర్రం తనను నాయకునిగా ఎంచుకొన్నదని ఆయన వివరణ. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషికి బదులు రిమోటుతో నడిచే బొమ్మకారును ఆ దడిలో పెట్టి చూచినారు. గుర్రాలు బొమ్మకారును వదలక దగ్గర నిలబడటం కూడా నేర్చుకొన్నవి! ఒత్తిడి పెట్టటం, సరైన క్షణంలో తీసివేయటం – గుర్రం నేర్చుకొనేది దానినే అని వారి మాట. మచ్చికలోని మొదటి సగాన్ని బొమ్మకారు కూడా చేయగలదన్నమాట. రెండవ సగం చేయగలదని మాత్రం మేము నమ్మము.

వీటన్నిటికంటె మాకు విలువైనదిగా తోచినది న్యూమార్కెట్‌లో పనిచేసిన పశువైద్యురాలు స్యూ డైసన్ పరిశోధన. 2018లో ఆమె, ఆమెతోటివారు స్వారీలో ఉన్న గుర్రం చూపే 24 ప్రవర్తనల పట్టిక ప్రకటించిరి. చెవులు వెనుకకు వాల్చి ఉంచటం, నోరు పదే పదే తెరవటం, తోక విసరటం, తల ఆడించటం, మొరాయించటం, ముంగాళ్ళెత్తటం వంటివి. వాటిలో ఎనిమిది గాని అంతకంటె ఎక్కువ గాని కనబడితే గుర్రానికి ఎక్కడో నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువ. చూడండి, పాత పుస్తకాలలోని ‘దుర్గుణాలు’ చాలామట్టుకు ఇవే. అదే పట్టిక, శీర్షిక మారినది. అందుచేత ఇప్పుడు మంచి స్వారీబడులలో చిన్న గుర్రం మొండికేస్తే మొదట పండ్లు చూస్తారు, వెన్ను తడిమి చూస్తారు, జీను సరిపోయినదో లేదో చూస్తారు, కాళ్ళూ గిట్టలూ చూస్తారు. ఆ తరువాతనే శిక్షణ మాట.

మన సంఘంలో కొన్ని కుటుంబాల పిల్లలు వారాంతాలలో గుర్రపుస్వారీ నేర్చుకొంటున్నారని తెలిసినది. వారికి చెప్పటానికైనా మన మాటలు ఒకచోట ఉంటే బాగుండునని సాయంకాలపు తరగతిలో ఒక జాబితా మొదలుపెట్టినాము. వాగె, అంకవన్నె, లాడము, లాయము, మాలీసు, మొరాయింపు, మాలిమి, మచ్చిక – ప్రస్తుతానికి నలభై దాకా వచ్చినవి. గుర్రం చెవులు వెనుకకు వాల్చటానికి ఒంటి మాట ఇంకా దొరకలేదు. మీ ఇండ్లలో పెద్దవారికి, ముఖ్యంగా జట్కాలు నడిపిన ఇండ్లవారికి, సైన్యంలో గుర్రాల పని చేసిన ఇండ్లవారికి తెలిసిన మాటలుంటే, ఏ ఊరి మాటో కూడా వ్రాసి సంఘం చిరునామాకు పంప ప్రార్థన.